పదిహేను కిలోమీటర్ల గొంతు

మానుకోట (మహబూబాబాద్)లోనో జనగామలోనో డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి రేడియో జాకీ అవుతానంటే ఇంట్లో వచ్చే జవాబు అందరికీ తెలిసిందే: ముందు గ్రూప్స్‌కు చదువుకో, తర్వాత చూద్దాం. ఆ జవాబు తప్పని అనలేం. అయితే అందులో భయం ఉన్నంతగా ఆలోచన లేదు. ఆర్జే పని అంటే ఏమిటి, ఆ పనికి మన జిల్లాల్లో చోటుందా, చోటు లేకపోతే కల్పించుకోవాల్సినంత విలువ దానికుందా అని ఎవరూ అడగరు. అడిగించడానికే ఇద్దరిని ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. అక్క డోర్నకల్ దగ్గర సర్కారు బడిలో టీచరు. తమ్ముడు హైదరాబాద్‌లో ప్రకటనల ఏజెన్సీలో చేస్తాడు. ఏ స్టేషన్లో ఎన్ని సెకన్లు కొనాలో లెక్కగట్టడం అతని పని. ఇద్దరూ కల్పిత వ్యక్తులే. వాళ్లు చెప్పే సంగతులు మాత్రం కల్పితం కావు. నా మొగ్గు అక్కవైపే, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. అయినా తమ్ముడి లెక్కను పక్కన పెట్టి మాట్లాడితే అది వాదన అనిపించుకోదు.

తమ్ముడు: ముందు ఉన్నదున్నట్టు చూద్దామక్కా. ఆర్జే కావాలంటే స్టేషన్ ఉండాలె గదా. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలు కలిపినా ఒక్క ప్రైవేట్ ఎఫ్‌ఎం లేదు. దగ్గరంటే ఇటు 1990ల మొదలైన ఆకాశవాణి వరంగల్, అటు కొత్తగూడెం ఆకాశవాణి. ఇగ ముందుకేమన్న వస్తదా అంటే, 2024 ఆగస్టుల కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాలల్ల 730 ఎఫ్‌ఎం ఛానెళ్లు వేలం వేస్తమన్నది. తెలంగాణల పది ఊర్ల పేర్లు వచ్చినయి: ఆదిలాబాద్, కరీంనగర్, ఖమ్మం, కొత్తగూడెం, మహబూబ్‌నగర్, మంచిర్యాల, నల్లగొండ, నిజామాబాద్, రామగుండం, సూర్యాపేట. మనది లేదు. ఎందుకుంటది? ఆ విధానమే లక్ష జనాభా దాటిన ఊర్ల కోసం పెట్టింది. 2011 లెక్కలల్ల మన మూడు పట్టణాలు దాంట్ల సగం కాడనే అటుఇటుగ ఆగినయి. ఇగ ఆ పిల్ల హైదరాబాద్ పోతదనుకో. 2006ల అక్కడ ప్రైవేట్ ఎఫ్‌ఎంలు వచ్చినప్పుడు ఆర్జే అంటే మస్తు గ్లామర్. ఇప్పుడు లోపటికి పోయి చూడు. ఏ పాట పెట్టాలన్నది ఆర్జే చేతుల ఉన్నదనుకుంటరు బయటోళ్లు. లేదు. షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌ల ముందే లాగ్ తయారైతది. ఏ పాట తర్వాత ఏ పాట, ఎక్కడ స్పాట్, ఎక్కడ జింగిల్, అన్నీ అండ్లనే. ఆర్జేకు మిగిలేది పాటకూ పాటకూ నడుమ లింకు, మహా అయితే నిమిషంన్నర. ఆ నిమిషంన్నరల సుత ఏదో నగల షాపు పేరు ముచ్చట లెక్క చెప్పాలె. దాన్ని ‘ఆర్జే మెన్షన్’ అంటరు, మేము విడిగ పైసలిచ్చి కొంటం. ఒక ఊర్ల రికార్డు చేసిన షోను నాలుగు ఊర్లల్ల వేస్తున్నరు. 2019ల దేశం మొత్తంమీద రేడియో ఆదాయం మూడు వేల కోట్లు దాటింది. కరోనా ఏడు సగానికి పైన పడ్డది. మళ్ల ఆ ఎత్తుకు చేరనే లేదు. ఆకాశవాణిల అంటవా, పర్మినెంట్ అనౌన్సర్ల భర్తీ ఏండ్ల సంది లేదు. కాజువల్ అనౌన్సర్‌గ ఆడిషన్ పాసైతే నెలకు ఆరు డ్యూటీలు. ఆరు డ్యూటీలతోని ఇల్లు నడుస్తదా?

అక్క: నడవది. నీ లెక్కలన్నీ నేను ఒప్పుకుంటున్న తమ్మీ, ఒక్కటి గూడ కాదంటలేను. కాని నువ్వు లెక్కగట్టింది పాటలు వేసే కొలువును. పాట వేసుడే ఆర్జే పనైతే ఆ పని ఎప్పుడో పోయింది, పోనియ్యి. జనానికి పాట ఒక్కటే కావాల్నా, పాటతోని ఇంకేమన్న కావాల్నా అన్నది చూడాలె. 1952ల కేస్కర్ సమాచార శాఖ మంత్రి అయినంక ఆకాశవాణిల సినిమా పాటలు దాదాపు బందైనయి. జనం ఏం చేసిన్రు? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టిన్రు. ఆ ఏడే డిసెంబర్ల అమీన్ సయానీ అక్కడ బినాకా గీత్‌మాలా మొదలుపెట్టిండు. తెలుగోళ్లకు అదే సిలోన్ల మీనాక్షి పొన్నుదురై గొంతు దొరికింది. వినేటోళ్లు పోతున్నరని తెలిసినంక 1957 అక్టోబర్ 3న మన ప్రభుత్వమే వివిధభారతి పెట్టాల్సొచ్చింది. మరి వివిధభారతి వచ్చినంక గీత్‌మాలా పడిపోవాలె గదా? పడలే. రికార్డులు ఇద్దరి కాడ అవే. 1994 దాక నడిచిందంటే, ఆ పాటలను పట్టుకొచ్చి ‘మీకోసం’ అని చెప్పిన మనిషిని చూసి నడిచింది. అమీన్ సయానీ సుత గీత్‌మాలా ఒక్కదాని మీద బతకలే. ప్రకటనలు, స్పాన్సర్డ్ కార్యక్రమాలు తనే తయారుచేసుకొని ఆ వృత్తిని నిలబెట్టుకున్నడు. ఈ పనిల జీతం రాళ్లు ఎప్పుడూ ఒక్క చోట దొరకలే.

తమ్ముడు: అప్పుడు వేరే దిక్కు లేదక్కా. ఊరికి రెండు రేడియోలు, ముల్లు తిప్పితే రెండు మూడు స్టేషన్లు. ఇప్పుడు చేతుల ఫోనుంటే లోకమంత స్టేషనే. నీ అమ్మాయికి గొంతుంటే యూట్యూబ్‌ల పెట్టుమను. లైసెన్సు వద్దు, టవర్ వద్దు, ఆడిషన్ వద్దు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి అనే ఊరు మై విలేజ్ షో ఛానెల్‌ను పుట్టించకముందు ఎవరికెరుక? 2012ల మొదలుపెట్టిన్రు, గంగవ్వ ఇయ్యాల తెలుగు తెలిసిన ప్రతి ఇంట్ల మనిషి. మన యాస మన నోట్లె లోకం వింటున్నది. రేడియోల అదే యాస మాట్లాడుతె ‘కొంచెం న్యూట్రల్‌గ చెప్పమ్మా’ అంటరు. గంత స్వేచ్ఛను ఇడిచిపెట్టి ఊరోళ్లే నడుపుకునే, పదిహేను కిలోమీటర్లు దాటని కమ్యూనిటీ రేడియోను పట్టుకొమ్మంటవా?

అక్క: గంగవ్వను చూస్తే నాకు సుత సంబురమే. కాని ఆ ఛానెల్‌కు పైసలెక్కడికెళ్లి వస్తున్నయో నీకే బాగా ఎరుక. చూసేటోళ్లు లక్షలల్ల ఉంటెనే వస్తయి. లక్షలమంది లంబాడిపల్లిల లేరు. హైదరాబాద్‌ల ఉన్నరు, గల్ఫ్‌ల ఉన్నరు, అమెరికాల ఉన్నరు. ఊరును ఊరు బయటోళ్లకు చూపించే కళ అది. దాన్ని నేను తక్కువ చేస్తలేను. కాని ఊరోళ్లకు ఊరి సంగతి చెప్పేది ఎవరు? కేసముద్రం మార్కెట్ల ఇయ్యాల మిర్చి ఎంత పలికింది, గార్ల పోయే బస్సు ఎందుకు రాలే, గూడూరు దవాఖానల డాక్టరు ఏ రోజు ఉంటడు, ఇవి లక్షమంది చూసే వీడియోలు కావు. ఎన్నటికీ కావు. ఇరవై వేల మందికి అవసరమైన మాట యూట్యూబ్‌ల నష్టం. పదిహేను కిలోమీటర్లు దాటని రేడియోకు అదే బతుకుదెరువు. నువ్వు తక్కువదనం అనుకుంటున్న ఆ పదిహేను కిలోమీటర్లే దాని బలం. గీత దాటి ఎవరినో మెప్పించే ఆశ దానికి లేదు గనుక గీత లోపటోళ్లతోనే మాట్లాడుతది. మానుకోట జిల్లాల మూడో వంతుకు మించి గిరిజనులు. తండాల ముసలవ్వకు గోర్‌బోలీల, గంగారం, కొత్తగూడ దిక్కు కోయ గూడెంల కోయ మాటల, పొద్దుకు గంటసేపన్న మాట్లాడే గొంతు వాళ్ల ఇంటికాడి నుంచే రావాలె. హైదరాబాద్ స్టూడియోకు అది గిట్టుబాటు కాదు. నువ్వే ఆ టైం కొనవు.

తమ్ముడు కొనడు. ఆ సంగతి అతను ఒప్పుకుంటాడనే అనుకోవాలి. ప్రకటనల మార్కెట్‌కు పెద్ద పట్టణం కావాలి, ఆ పట్టణంలో కొనుగోలు చేసే వయసు కావాలి. ఎక్కువమందికి చేరేదే విలువైనదన్న లెక్క మీద ఆర్జే ఉద్యోగం ఇరవై ఏళ్లుగా నిలబడింది, ఆ లెక్క మీదే ఇప్పుడు కుంగిపోతోంది. ఈ వాదనలో అసలు మలుపు వాన దగ్గర వస్తుంది, అందుకే అక్కను అక్కడే ఎక్కువసేపు మాట్లాడనిస్తున్నాను.

అక్క: 2023 జూలై 27 యాది చేసుకో. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన. మన భూపాలపల్లి జిల్లా చిట్యాలల 600 దాటింది. తెల్లారెసరికి మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. జనం మిద్దెలెక్కి నిలబడ్డరు. హెలికాప్టర్లు వచ్చినయి, పడవలు వచ్చినయి. అయినా నలుగురు కొట్టుకపోయిన్రు. మళ్ల ఏడాదికి, 2024 ఆగస్టు 31 రాత్రి, ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాంతండాను ముంచింది. ఇంటికన్నె, కేసముద్రం నడుమ రైలు పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకపోయి పట్టాలు గాలిల వేలాడినయి. కాజీపేట, విజయవాడ లైను మీద రైళ్లు ఎక్కడియక్కడ ఆగినయి. ఆ రెండు రాత్రులు ఈ జిల్లాలల్ల ఒక్కటే ప్రశ్న: ఏ వాగు ఎక్కడిదాక వచ్చింది? హైదరాబాద్ టీవీలకు తెల్లారినంక బొమ్మలు దొరికినయి. బొమ్మ దొరికేసరికి చెప్పాల్సిన టైం అయిపోయింది. ఆ రాత్రి మైకు ముందు కూసొని, ‘పురుషోత్తమాయగూడెం బ్రిడ్జి దిక్కు పోకున్రి, ఆకేరు రోడ్డు మీదికొస్తున్నది’ అని పదినిమిషాలకోసారి చెప్పే మనిషి ఒక్కరు ఉంటే ఎట్లుండు? ఆ మనిషినే నేను ఆర్జే అంటున్న. పాట గంతకుముందు ఎందుకు వేసిందంటే, చెవి ఆ స్టేషన్‌కు అలవాటు పడాలె గనుక. మామూలు రోజులల్ల నమ్మకం కూడబెడితెనే ఆపద రోజున ఆ గొంతు మాట వింటరు.

తమ్ముడు: ఆపద రోజున ఫోన్ల అలర్టు వస్తదక్కా. ప్రభుత్వమే పంపుతున్నది. కలెక్టరాఫీసు వాట్సాప్ గ్రూపులున్నయి. ఇగ రేడియో అంటవా, మొదట రేడియో సెట్టేది? మిరప చేన్ల కూలీకి పోయే అవ్వ కాడ చిన్న ఫోనుంటది, అండ్ల మెమరీ కార్డు పాటలుంటయి. పెద్ద ఫోన్లల్ల ఎఫ్‌ఎం చిప్పున్నా కంపెనీలు పని చెయ్యకుండ మూసిపెట్టినయి. నార్వే 2017ల దేశమంతట నడిచే ఎఫ్‌ఎం ప్రసారాలే బందుపెట్టి డిజిటల్‌కు పోయింది. పోయేదాని కోసం పిల్ల బతుకును పందెం పెడతవా?

అక్క: సెట్టు లేదన్నది నిజం, దానికి నా కాడ చక్కటి జవాబు లేదు. 2023ల కేంద్రమే ఫోన్లల్ల ఎఫ్‌ఎం తెరిచి ఉంచాలని కంపెనీలకు సలహా ఇచ్చింది, ఆ ఏడే ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ గూడ అదే సిఫారసు చేసింది. సలహాలు, సిఫారసులే, చట్టం కాలే. కాని చిన్న ఫోన్లల్ల ఎఫ్‌ఎం ఇంకా ఉన్నది, ఆటోలల్ల, ట్రాక్టర్లల్ల, కార్లల్ల ఉన్నది. పెద్ద వానల కరెంటు పోయి, సెల్ టవర్ ఆగిపోతే నీ వాట్సాప్ గ్రూపు సుత ఆగిపోతది. ఎక్కడో దూరంల జనరేటర్ మీద నడిచే ట్రాన్స్‌మిటర్, చేతుల బ్యాటరీ సెట్టు, ఈ రెండు ఉంటే మాట ఆగది. ఇగ అలర్టు సంగతి. ‘మహబూబాబాద్ జిల్లాకు అతి భారీ వర్షం’ అని వస్తది. ఎక్కడ కాజ్‌వే మునిగింది, ఏ తొవ్వ పట్టి పోవాలె అన్నది అండ్ల ఉండది. వాట్సాప్‌ల వస్తది, కాని నిరుడు తెగిన చెరువు వీడియో ఇయ్యాలదని సుత వస్తది, ఎవరు పంపిన్రో ఎరుక ఉండది. ఆ లోటు మనకే అనుకోకు. అమెరికాల నార్త్ డకోటా రాష్ట్రంల మైనాట్ అని చిన్న పట్టణం. 2002 జనవరి 18 అర్ధరాత్రి దాటినంక రైలు పట్టాలు తప్పి అమ్మోనియా మేఘం ఊరి మీదికొచ్చింది. ఆ ఊర్ల ఆరు వాణిజ్య రేడియో స్టేషన్లున్నయి, ఆరూ ఒక్క కంపెనీవే, ఎక్కువ భాగం దూరం నుంచి రికార్డు చేసి వేసే కార్యక్రమాలే. పోలీసులు ఫోన్ చేస్తె వెంటనే ఎత్తే మనిషి దొరకలే. ఒకాయన చనిపోయిండు, వందలమంది దవాఖాన పాలైన్రు. కంపెనీ ఏమన్నదంటే, పోలీసులకు అత్యవసర హెచ్చరిక పరికరం వాడుడు తెల్వలే, తప్పు మాదొక్కటే కాదన్నది. ఉండొచ్చు. రెండు దిక్కులా తప్పు ఉండొచ్చు. కాని స్టూడియోల మనిషి ఉంటే పరికరం పాడైనా కిటికీల నుంచి చూసి చెప్పేటోడు గదా.

తమ్ముడు: మనిషి అనకు, ఇప్పుడు మిషనే చెప్తది. కలెక్టరాఫీసు నుంచి వివరం పెడితే తెలుగు గొంతుతోని సెకన్ల చదివేస్తది. నిద్ర లేదు, జీతం లేదు.

అక్క: పోలండ్‌ల క్రాకోవ్ పట్టణంల ఆఫ్ రేడియో అట్లనే చేసింది, 2024 అక్టోబర్ల. మనుషులను పంపించి మూడు మిషన్ గొంతులను పెట్టింది. ఎప్పుడో 2012ల పోయిన కవయిత్రి షింబోర్స్కాతోని ‘ఇంటర్వ్యూ’ గూడ వేసింది. జనం గొడవ చేస్తె వారానికే బందుపెట్టిన్రు. కాని నేను ఆ కథ మీద ఆధారపడను, ఎందుకంటే రేపు మిషన్ గొంతు ఇంకా మంచిగైతది. నా ప్రశ్న వేరే. ‘వివరం పెడితే’ అన్నవు. పెట్టేదెవరు? సీతారాంతండాకు ఫోన్ చేసి, నీళ్లు బడి మెట్ల కాడికి వచ్చినయా, గడప దాటినయా అని అడిగేదెవరు? అడిగితే నమ్మి చెప్పాలంటే ఆ గొంతు ముందు నుంచి ఎరుకైనదై ఉండాలె. ఆ ఎరుకే ఆర్జే వృత్తి. మిషన్ చదువుతే చదవనియ్యి, నాకేం అభ్యంతరం లేదు.

ఇక్కడ తమ్ముడు ఇంకో దెబ్బ కొట్టగలడు, అది అన్నింటికంటే గట్టిది.

తమ్ముడు: సరే, ఊరోళ్లు నమ్మే గొంతు. ఆ గొంతు విషం కక్కితే? రువాండాల 1993ల మొదలైన ఆర్‌టీఎల్ఎం గూడ జనం నమ్మిన రేడియోనే. మంచి పాటలు, ముచ్చట్లు, నవ్వులు. 1994ల అదే రేడియో టుట్సీలను చంపమని పేర్లు చదివింది. అండ్ల ప్రసారకులకు జైలు శిక్షలు పడ్డయి. దగ్గరి గొంతు ఎంత మేలు చేస్తదో అంత కీడు చేస్తది. మన దిక్కు కులం ఉన్నది, పార్టీ ఉన్నది, పోడు భూమి తగాదాలున్నయి. ఒక్క మైకును ఒక వర్గం చేతుల పెడితే ఏమైతదో ఆలోచించినవా?

అక్క: ఆలోచించిన. గందుకే లైసెన్సు ఉండాలంటున్న. కమ్యూనిటీ రేడియో మన దేశంల వ్యక్తులకు ఇయ్యరు, పార్టీలకు ఇయ్యరు, లాభం కోసం నడిచే కంపెనీలకు ఇయ్యరు. వేసిన ప్రతి కార్యక్రమం రికార్డును మూడు నెలలు దాచిపెట్టాలె. కార్యక్రమాలల్ల సగమన్న ఊరోళ్లతోని కలిసి తయారు చేయాలె. సొంతంగ వార్తలు చదువొద్దని రూలు ఉన్నది; నాకు ఆ రూలు నచ్చది, ట్రాయ్ గూడ 2023ల ప్రైవేట్ ఎఫ్‌ఎంలకన్న గంటకు పది నిమిషాల వార్తలు ఇయ్యనియ్యిమన్నది. కాని వాతావరణం, ట్రాఫిక్, పరీక్షలు, కొలువుల ప్రకటనలు, కరెంటు, నీళ్లు, ప్రకృతి వైపరీత్యం, ఆరోగ్య హెచ్చరికలు, వీటిని వార్తల కింద లెక్కగట్టకుండ పక్కన పెట్టిన్రు. మనకు కావాల్సింది ముందు అదే. రువాండా రేడియోకు అధికారంల ఉన్నోళ్ల అండ ఉండె, అడిగేటోడు లేకుండె. ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపుల పరిస్థితి దానికి దగ్గర, రేడియోది కాదు. పేరున్న గొంతును పట్టుకొని అడగొచ్చు.

తమ్ముడు: మళ్ల పైసల కాడికే వస్త అక్కా. కమ్యూనిటీ రేడియో అంటే సేవ. సేవ అంటే జీతం లేని పని. మెదక్ దిక్కు ఒక స్టేషన్ ఉన్నదని నువ్వు చెప్తవు, కాని దాని వెనక పెద్ద స్వచ్ఛంద సంస్థ ఉన్నది.

అక్క: ఉన్నది. జహీరాబాద్ దగ్గర మాచనూర్ల సంఘం రేడియో. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వెనక ఉన్నది. 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలైంది; స్టూడియో అంతకు పదేండ్ల ముందే తయారై, లైసెన్సు కోసం ఎదురుచూసింది. ప్రభుత్వం 2002ల విద్యాసంస్థలకు ఇచ్చి, 2006ల గాని సంఘాలకు తలుపు తెరవలే. ఆ పదేండ్లు ఆడోళ్లు టేపులల్ల రికార్డు చేసి సంఘాల మీటింగులల్ల వినిపించుకున్నరు. నడిపేది దళిత మహిళలు, జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. చిరుధాన్యాలు, విత్తనాలు, పురుళ్లు, పాటలు, వాళ్ల యాసలనే. న్యూట్రల్‌గ చెప్పమని వాళ్లకు ఎవరూ చెప్పలే. సంస్థ అండ లేకుండ నిలబడేదా అంటే కష్టమే. కాని 2024 ఫిబ్రవరిల నియమాలు మారినయి, నీ లెక్కల భాషలనే చెప్త విను. ప్రకటనల టైం గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు పెంచిన్రు. ప్రభుత్వ ప్రకటనల ధర పది సెకన్లకు 52 నుంచి 74 రూపాయలైంది. 12 నిమిషాలంటే 72 స్పాట్లు, గంటకు 5,328 రూపాయలు. రోజుకు ఎనిమిది గంటలు నడిపితే 42 వేల పైన. నిండదు, నాకెరుకనే. పదో వంతు నిండిందనుకో, నెలకు లక్షా ఇరవై ఏడు వేల దాక వస్తది.

తమ్ముడు: పదో వంతు సుత నిండది. కిరాణం షాపాయన పది సెకన్లకు 74 ఇయ్యడు. ప్రభుత్వ బిల్లు నెలలకొద్ది ఆగుతది. కరెంటు, రిపేర్లు, కిరాయి తీసేస్తె ఏం మిగులుతది?

అక్క: సగం కొట్టెయ్యి. అరవై మూడు వేలు. ఖర్చులు పోను ఇద్దరికి చిన్న జీతాలు. హైదరాబాద్ ఆర్జేల లెక్క కార్లు రావు, పోస్టర్ల మీద మొఖాలు రావు. ప్రైవేట్ బడిల టీచరుకు వచ్చేదానికి అటుఇటుగ. దానికి తోడు పెండ్లిళ్లకు యాంకరింగ్, ప్రకటనలకు గొంతు, ఆకాశవాణిల నెలకు ఆ ఆరు డ్యూటీలు. అమీన్ సయానీ బతికిన తీరు అదే, చిన్న ఎత్తున. ఈ కొలువు ఇప్పుడు లేదన్నవు, నిజమే. సర్కారు మన పట్టణాలను వేలం జాబితల పెట్టకపోవుడు నాకు నష్టమనిపిస్తలేదు. పెడితే హైదరాబాద్ షోనే మానుకోటల వినబడేది, కొలువు అక్కడే ఉండేది.

తమ్ముడు: అంటే కొలువు చెయ్యమంటలేవు, ముందు స్టేషన్ కట్టి తర్వాత కొలువు చెయ్యమంటున్నవు. ఇరవై రెండేండ్ల పిల్లకు అది ఎక్కువ బరువు.

అక్క: పిల్ల ఒక్కతే మోస్తె ఎక్కువనే. మోయాల్సినోళ్లు వేరే ఉన్నరు.

తమ్ముడి ఆఖరి మాట సరైనదని నేననుకుంటాను. ఒక యువతి ఉత్సాహం మీద జిల్లా అవసరాన్ని మోపడం అన్యాయం. ఇంకొక లోటు కూడా దాచకూడదు. వంద వాట్ల ట్రాన్స్‌మిటర్ పది పదిహేను కిలోమీటర్లే పోతుంది. మానుకోటలో పెడితే మరిపెడకు గానీ కొత్తగూడ అడవికి గానీ అందదు. భూపాలపల్లిలో పెడితే కాళేశ్వరం వినదు. ఒక్క స్టేషన్ చాలదు, నాలుగైదు కావాలి. నాలుగైదంటే పది మందికి పని, అదీ చిన్న జీతాల పని. అంతకు మించి ఈ వృత్తి గురించి ఎవరైనా గొప్పలు చెప్తే నమ్మనవసరం లేదు. గొంతుల కొరత మాత్రం ఈ ప్రాంతానికి ఎప్పుడూ లేదు. జనగామ దగ్గర మాణిక్యాపురం నుంచి ఒగ్గు కథ చుక్క సత్తయ్య, మానుకోట దిక్కు నుంచి పాటల జయరాజు, వరంగల్ నుంచి మిమిక్రీ నేరెళ్ల వేణుమాధవ్ వచ్చారు. గొంతునే పెట్టుబడిగా పెట్టి బతికిన మనుషులు వీళ్లు. వాళ్లకు రాత్రంతా జరిగే కథల ఆటస్థలాలు, సభలు, వేదికలు దొరికాయి. ఇప్పటి పిల్లలకు దొరుకుతున్న వేదిక లక్ష వీక్షణల వెంట పరుగెత్తేదొక్కటే.

కాబట్టి నా తీర్పు ఆ అమ్మాయి మీద కాదు, దరఖాస్తు పెట్టే అర్హత ఉండి ఊరుకున్న సంస్థల మీద. కమ్యూనిటీ రేడియోకు విద్యాసంస్థలు అడగవచ్చు, కృషి విజ్ఞాన కేంద్రాలు అడగవచ్చు, మూడేళ్లుగా ప్రజల్లో పనిచేస్తున్న నమోదైన సంఘాలు అడగవచ్చు. మహబూబాబాద్ జిల్లాలో మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మూడు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలున్నాయి. మహిళా సమాఖ్యలున్నాయి. భూపాలపల్లిలో బొగ్గు తవ్వే సింగరేణి, చెల్పూరులో కరెంటు తీసే కాకతీయ థర్మల్ కేంద్రం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేసే డబ్బుతో ఒక స్టూడియోకు సాయం చేయవచ్చు. ఈ సంస్థల్లో నిర్ణయం చేయగలవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క విన్నపం: కేంద్ర సమాచార ప్రసార శాఖకు మీ దరఖాస్తు ఈ ఏడే పంపండి, అందులో ఇద్దరు ప్రసారకుల జీతానికి ఒక పద్దు రాసి పంపండి.